అంటించినవాడెవడు? ఆర్పవలసినవాడెవడు?



నిర్గమకాండము 22వ అధ్యాయము 6వ వచనములో ఒక చిన్న చట్టము కలదు. దానిని ప్రసంగ వాక్యముగా తీసికొనువారు అరుదు. ఒకడు నిప్పు రగిలించెను. అది ముండ్లకంపకు అంటుకొని, కంపనుండి పొరుగువాని పనలకో పైరుకో చేనికో పాకి దానిని కాల్చివేసెను. అట్టి యెడల ఆ నిప్పు రగిలించినవాడే నష్టమును తీర్చవలెనని ఆ చట్టముయొక్క భావము.

వాడు కావలెనని కాల్చెనా, పొరబాటున కాలెనా అని ఆ చట్టము విచారించుట లేదు. పగబట్టి ఇల్లు తగులబెట్టినవాని సంగతి కాదిది. తన చేనిలో తాను చెత్త కాల్చుకొనుచు గాలి ఎటు వీచుచున్నదో చూచుకొననివాని సంగతి. వాని మనస్సులో కీడు లేదు. అయినను పొరుగువాని కుప్ప బూడిదయైనది. మనస్సులో కీడు లేదు గనుక చేతిమీద అప్పును లేదని వాడు చెప్పుకొనుటకు దేవుని ధర్మశాస్త్రము ఒప్పుకొనదు.

ఇంతవరకు తేటగానే యున్నది. అయితే నిప్పు రగిలించినవాడెవడో తెలియనప్పుడు ఏమి చేయవలెను? కాలినది ఒక పొరుగువాని చేను గాక, ఎవరిదియు కానట్టి, అందరిదియునైనట్టి అడవియైనప్పుడు ఎవరు తీర్చవలెను? అది కాలిన తరువాత ఆ చోటికి పోయి, అక్కడి నీళ్లు త్రాగి, అక్కడి చేప తిని, అక్కడి చల్లగాలికి నిద్రించి వచ్చినవానికి ఆ అప్పులో పాలు కలదా? ఈ నెల మనము ఆలోచింపదలచిన ప్రశ్న యిది.

మా కొలిమిగుండ్ల పేరులోనే కొలిమి యున్నది. నిప్పు చేయు మేలును, అది చేయు కీడును ఇక్కడివారికి వేరుగా బోధింపనక్కరలేదు. వేసవిలో ఎర్రమల కొండలమీద ఎండుగడ్డి కాలునప్పుడు రాత్రివేళ దూరమున ఎర్రని గీత గీచినట్లు కనబడును. ఊరిలో ఎవరి గడ్డివామియైనను అంటుకొనినయెడల రెండు ప్రశ్నలు పుట్టును. "ఎవరు అంటించినారు?" అనునది ఒకటి. "నీళ్లేవి, బిందెలేవి?" అనునది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు దొరకువరకు రెండవదానిని ఎవరును ఆపరు. వామి గలవానితో మాటలు లేని పగవాడు సహితము బిందె పట్టుకొని పరుగెత్తును. ఆర్పిన తరువాత పంచాయతి జరుగును.

అడవి విషయములో మాత్రము మనము మొదటి ప్రశ్న అడిగి, రెండవదానిని అటవీశాఖవారికి విడిచిపెట్టి, ఇంటికి పోవుచున్నాము.

నల్లమల ఎట్లు కాలునో కొంచెము వివరింతుము. అది ఆకు రాల్చు అడవి. చలికాలము వెళ్లగానే టేకు, తునికి, నల్లమద్ది మొదలైన చెట్లు ఆకు విడుచును. నేలంతయు ఎండుటాకు పరచినట్లుండును. వెదురు పొదలును, నిలువెత్తు గడ్డియు దానితో చేరి ఎండును. మన అడవులలో పిడుగువలన పుట్టు మంటలు బహు అరుదు. పిడుగు పడు కాలమున వానయు దానివెంట వచ్చును గదా. కాబట్టి ఇక్కడి నిప్పు చాల మట్టుకు మనుష్యుల చేతినుండి పుట్టినదే. ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింది ఆకును కాల్చువారు కొందరు. బీడీ ఆకు లేతగా చిగుర్చునని పొదలకు నిప్పు పెట్టువారు కొందరు. తొలకరికి పసిరిక త్వరగా వచ్చునని గడ్డి కాల్చు గొల్లలు కొందరు. తేనెకు పొగ వేసి పొగకట్టను అక్కడనే పారవేయువారు కొందరు. శివరాత్రికిని ఉగాదికిని ఆత్మకూరునుండి నాగలూటి దారిన శ్రీశైలమునకు నడిచిపోవు యాత్రికులలో పొయ్యి ఆర్పక సాగిపోవువారు కొందరు. విహారమునకు వచ్చి చెట్లక్రింద వంట చేసికొను గుంపులలో మన క్రైస్తవ యువజనుల గుంపులును ఉన్నవి. కావున ఒక మతమువారిని గాని ఒక కులమువారిని గాని వేలెత్తి చూపుటకు మనకు వీలులేదు. ఇక కాలుచున్న బీడీముక్కను పారవేసి తిరిగి చూడనివారి లెక్క దేవునికే తెలియును.

మన దేశపు అడవుల సర్వే సంస్థవారు 2004వ సంవత్సరమునుండి ఉపగ్రహముల సహాయముతో అడవి మంటలను కనిపెట్టి, ఆయా రాష్ట్రముల అటవీశాఖలకు వర్తమానము పంపుచున్నారు. ఎక్కడ కాలుచున్నదో ఆకాశమునుండి కనబడును. ఎవరి చేయి అంటించినదో ఆకాశమునుండి కనబడదు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలము కొండలు అంటుకొనినప్పుడు వైమానిక దళమువారి హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరింపవలసి వచ్చెను. అంత నిప్పును ఒక అగ్గిపుల్ల చాలును. చిన్న నిప్పు గొప్ప అడవిని కాల్చు సంగతిని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయములో నాలుకకు పోలికగా చెప్పెను. పోలిక అందరికి జ్ఞాపకమున్నది గాని, పోలికకు మూలమైన అడవిని మరచితిమి.

ఈ నల్లమల నడుమ కృష్ణానదికి అడ్డముగా శ్రీశైలము ఆనకట్ట నిలిచియున్నది. దానికి 1963వ సంవత్సరమున జవాహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1981వ సంవత్సర ప్రాంతమున ఆ జలాశయము నిండుటకుగాను సుమారు నూరు గ్రామములవారు ఇండ్లు విడిచి లేచిపోవలసి వచ్చెను. నిండు మట్టము 885 అడుగులు. వాన కాలమున సంగమేశ్వరము గుడి నీటి క్రిందికి పోవును, వేసవిలో నీరు తీసినప్పుడు మరల బయటపడును. ఆ తీరములో స్థానికులైన జాలరులును, విశాఖ శ్రీకాకుళము ప్రాంతములనుండి బ్రదుకుతెరువుకు వచ్చిన జాలరులును గుడిసెలు వేసికొని యున్నారు. వారి బండియు గుర్రమును పుట్టియే. వెదురు దబ్బలతో పెద్ద గంపవలె అల్లి, పూర్వము తోలు కప్పెడివారు, ఇప్పుడు పట్టా కప్పి తారు పూయుచున్నారు. దానికి ముందు వెనుకలు లేవు. తెడ్డు వేయుట తెలియనివాడు ఎక్కినచో అది ఉన్నచోటనే గిరగిర తిరుగును.

గడచిన మృగశిర కార్తెలో మేమును, మా సంఘపు పెద్దలిద్దరును, బనగానపల్లె, నంద్యాల, ఆత్మకూరు మీదుగా ఆ తీరమునకు పోయి, మా పెద్దలలో ఒకరికి తెలిసిన జాలరి కుటుంబమువద్ద రెండు రాత్రులు గడిపితిమి. మృగశిర నాడు చేప తినుట మన తెలుగునాట వాడుక గదా. అనుమతి లేక అభయారణ్యములోనికి పోరాదు గనుక, హద్దుకు ఇవతలి తీరముననే ఉంటిమి. పుట్టిమీద మాత్రము నీటి అంచువెంట తిరిగి చూచితిమి.

ఆ వేసవిలో ఎదుటి కొండ కాలియుండెను. పాదమునుండి నడుమువరకు నలుపు. మోడులు బొగ్గు కంబములవలె నిలిచియున్నవి. ఒకటి రెండు వానలు పడినందున బూడిదలోనుండి పచ్చని గడ్డి వ్రేలెడంత లేచియున్నది. టేకు మోడుల మొదళ్లనుండి చేటలంత ఆకులు వచ్చుచున్నవి. పక్షుల కూత మాత్రము తక్కువ. నీటి అంచున నల్లని నురుగు గీత కట్టియున్నది. వాగు కలియు చిన్న మడుగులో బూడిదనీరు నిలిచియుండుట చూచి, అక్కడ వల వేయరాదని పుట్టి నడుపు పెద్దాయన చెప్పెను. బూడిదనీరు చిక్కబడినచోట చేపకు ఊపిరాడదు. అది పైకి తేలి నోరు తెరచుచుండును. అట్టి చేపను పట్టుట సులభమే గాని దాని నడుమనున్న పిల్లలన్నియు చచ్చునని ఆయన వివరించెను. సాయంకాలము లోతు నీటిలో వల దింపి, వేకువను తీసిరి. బొచ్చెలు రెండు, శీలావతులు నాలుగు, ఒక వాలుగ పడెను.

రాత్రి ఆ యింటి అమ్మ పొయ్యి వెలిగించెను. కట్టె చూచితిమి. సగము కాలి, నీటిలో పడి, కొట్టుకొని వచ్చి ఒడ్డున ఎండిన కట్టె అది. మా పెద్దలలో ఒకరు మాటవరుసకు, "ఈ కొండ ఎవరు కాల్చినారమ్మా?" అని అడిగిరి.

"ఎవరని చెప్పేది అయ్యగారూ? మేమైతే అంటించలేదు. కానీ కాలిన కట్టెతోనే మా కూడు ఉడుకుతుంది. ఆ కొండ నీడనే మా చేప పెరుగుతుంది. దానితో మాకేమి పని అని ఎట్లా అనేది?" అని ఆమె పలికెను.

వంట ముగిసినపిమ్మట ఆమె పొయ్యిలో రెండు చెంబుల నీళ్లు పోసెను, పుల్లతో కెలికెను, మరల పోసెను, చివరకు బూడిదలో చేయి పెట్టి చూచి, వేడి లేదని తెలిసికొని పండుకొనెను. చుట్టును నీరును, తడి యిసుకయు ఉండగా ఇంత జాగ్రత్త ఏల అని అడుగగా, "గాలికి నీళ్లని తెలుసునా?" అని నవ్వెను. ఎదుటి కొండకు మంట వచ్చిన రాత్రి ఆమె భర్తయు, మరి నలుగురు జాలరులును పుట్లమీద అవతలికి పోయి, అటవీశాఖవారి ఫైర్ వాచర్లతో కూడ తెల్లవారువరకు పచ్చి కొమ్మలతో మంట కొట్టిరని అంతకుముందే పెద్దాయన చెప్పియుండెను. వారిని ఎవరును పిలువలేదు. వారికి కూలియు ఎవరు ఇయ్యలేదు.

ఈమె మాటను మేము ఊరికి వచ్చిన తరువాత చాల దినములు ఆలోచించితిమి. "నేను అంటించలేదు" అనుట ఆమెకును సత్యమే. అయినను ఆ సత్యము చాటున ఆమె దాగుకొనలేదు.

ఇటువంటి సంగతియే మన దేశమునకు బహు దూరమున, అమెరికా దేశపు మిన్నెసోటా రాష్ట్రములో, కెనడా సరిహద్దున గూడ జరిగెను. అక్కడ సుమారు 11 లక్షల ఎకరముల అడవిలో వెయ్యికి పైగా సరస్సులున్నవి. 1964వ సంవత్సరపు చట్టము ప్రకారము దానిని అడవిగానే కాపాడుచున్నారు. జనులు కెనూ అను సన్నని తేలిక పడవలలో పోయి, ఒక సరస్సునుండి మరియొక సరస్సునకు పడవను భుజములమీద మోసికొని, ఒడ్డున గుడారము వేసికొని, చేపలు పట్టి కాల్చుకొని తిని వచ్చుచుందురు. పొయ్యికొరకు ఇనుప చట్రములు గూడ అక్కడక్కడ పాతియున్నవి.

2011 ఆగస్టులో ఆ అడవిలో పగామి క్రీక్ అనుచోట పిడుగు పడి మంట పుట్టెను. మొదట చిన్నదిగా కాలుచుండెను. అక్కడి అధికారులు దానిని కనిపెట్టుచు కాలనిచ్చిరి. సెప్టెంబరులో పెనుగాలి లేచి ఒక్క దినములోనే అది మైళ్లకొలది పరుగెత్తెను; మొత్తము 90,000 ఎకరములకు పైగా కాలెను. ఆ మంటకు మనుష్యులలో కారకుడు లేడు. ఆ దేశపు జాక్ పైన్ అను చెట్టు కాయలు జిగురుతో మూసికొని యుండి, మంట వేడికే విచ్చుకొని గింజలు రాల్చును గనుక, అక్కడి అడవి నిప్పును కొంత ఎరిగిన అడవి.

అదే అడవి అంచున 2007 మే 5వ తేదీన హామ్ లేక్ అను సరస్సు దగ్గర మరియొక మంట పుట్టెను. రెండు దేశములలోను కలిపి సుమారు 75,000 ఎకరములు కాలెను. ఇండ్లు, కొట్టములు అనేకము బూడిదయయ్యెను. అది గుడారము వేసికొనిన ఒక వ్యక్తి పొయ్యినుండి పుట్టినదని ప్రభుత్వమువారు మరుసటి సంవత్సరము నేరము మోపిరి. తాను దోషిని కానని ఆయన న్యాయస్థానములో చెప్పెను. విచారణ జరుగకమునుపే ఆయన తన ప్రాణము తానే తీసికొనెను.

ఈ సంగతి చదివినవారు దానిని సులభముగా దాటిపోలేరు. అడవి కొంత కాలమునకు మరల చిగుర్చును. ఆ మనుష్యుడు తిరిగి రాడు. కావున చదువరులారా, నిప్పు అప్పును గూర్చి మాటలాడునప్పుడు మనము బహు జాగ్రత్తగా మాటలాడవలెను. నిర్గమకాండములోని చట్టము ఏమి కోరుచున్నదో మరల చూడుడి. అది నష్టము తీర్చుమని కోరుచున్నది. ప్రాణము కోరుట లేదు. కొరడాదెబ్బలను గాని, ఊరినుండి వెలివేయుటను గాని కోరుట లేదు. పొరుగువాని చేను మరల చేనగునట్లు చేయుమన్నది. కోపము "ఎవడు?" అని అడుగును. న్యాయము "ఏమి పాడైనది? ఎట్లు బాగగును?" అని అడుగును. మొదటి ప్రశ్న ఒక్కని తలమీద బరువంతయు మోపును. రెండవ ప్రశ్న ఆ బరువును మోయుటకు పదిమందిని పిలుచును.

అయితే ఈ బాధ్యత తప్పించుకొనుటకు మనము సాధారణముగా రెండు మాటలు చెప్పుచుందుము. "నా చేయి కాదు" అనునది మొదటి మాట. "అంతయు దేవుని చిత్తము" అనునది రెండవ మాట.

రెండవదానిని ముందు తీసికొందము. పిడుగువలన పుట్టిన మంటను గూర్చి ఆ మాట చెప్పినచో కొంత అర్థముండును. బీడీముక్కవలన పుట్టిన మంటను దేవుని చిత్తమనుట భక్తి కాదు. మన పొయ్యి బూడిదను దేవుని వాకిట కుమ్మరించుట. హోరేబునందు ఏలీయాయెదుట మెరుపు మెరసినట్లు అగ్ని పుట్టినప్పుడు ఆ అగ్నిలో ప్రభువు లేడని 1 రాజులు 19వ అధ్యాయము చెప్పుచున్నది. కాలినదానినెల్ల చూచి "ఇది ఆయన పని" అనకుండుటకు ఈ ఒక్క అధ్యాయము చాలును.

ఇక "నా చేయి కాదు" అను మాట. ఇది అబద్ధము కాదు. అందుచేతనే అది బలమైనది. అంటించనివానిని అంటించినవానితో సమానముగా శిక్షించుట అన్యాయమని మేమును ఒప్పుకొందుము. కాని తప్పు వేరు, బాధ్యత వేరు. తప్పు చేసినవానిదే. బాధ్యత మాత్రము మేలు పొందువాని దగ్గరకు గూడ వచ్చును. తండ్రి చేసిన అప్పు కుమారుని తప్పు కాదు; అయినను తండ్రి పొలము దున్నుకొనుచు ఆ అప్పుతో నాకేమి పని అనువానిని ఊరు మెచ్చుకొనదు.

ఇది మేము క్రొత్తగా కల్పించిన న్యాయము కాదు. 1927వ సంవత్సరపు భారత అటవీ చట్టములో 79వ సెక్షను చూడుడి. అడవిలో హక్కు గలవాడు, అక్కడ కట్టె గాని ఇతర ఫలసాయము గాని తెచ్చుకొనుటకు, పశువులను మేపుకొనుటకు అనుమతి పొందినవాడు, మంట సంగతి తెలిసిన వెంటనే అధికారులకు తెలియజేయవలెననియు, ఆర్పుటకు తానును పూనుకొనవలెననియు అందులో ఉన్నది. నీవు అంటించితివా అని ఆ సెక్షను అడుగలేదు. నీవు దానినుండి తీసికొనుచున్నావా అని మాత్రమే అడిగినది. మన రాష్ట్రమునకు 1967లో వేరే అటవీ చట్టము వచ్చినది. అయినను ఆ పాత సెక్షనులోని న్యాయము పాతబడలేదు. ఎవరు మేలు పొందుచున్నారో వారు కాపుదల వహింపవలెను. చేప తినిన మేము ముగ్గురమును ఆ లెక్కలోనివారమే. శ్రీశైలము నీటితో పండిన బియ్యము తిను ప్రతివాడును ఆ లెక్కలోనివాడే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. "అయ్యా, మేకలకు మేత లేనివాడు గడ్డి కాల్చుకొనక ఏమి చేయును? ఇప్పపూవు అమ్ముకొని నాలుగు దినములు కడుపు నింపుకొనువానికి నీతి చెప్పుట మీకు సులభమే" అని ఒకరు అనవచ్చును. నిజమే. ఆకలితో నున్నవాని చేతిలోని నిప్పును, విహారమునకు పోయినవాని చేతిలోని నిప్పును ఒకే త్రాసులో తూచరాదు. అయితే అడవి ఏటేట కాలినయెడల లేత మొక్క పెరుగుటకు వ్యవధి యుండదు. పెద్ద చెట్లు ముసలివగును గాని వాటి తావులోనికి పిల్లచెట్లు రావు. ముండ్లపొదలును మొరటు గడ్డియు మిగులును. అప్పుడు మొదట నష్టపోవువాడు ఆ మేకల కాపరియే, ఆ ఇప్పపూవు ఏరువాడే, ఆ అడవినే నమ్ముకొనిన చెంచువాడే. కాబట్టి బీదవానికి చెప్పవలసినది ఒక మాట యైతే, కలవాడు చేయవలసినది రెండు పనులు. మేతకు ఇంకొక దారి చూపక "కాల్చవద్దు" అనుట సగము నీతి. ఊరి బీడులో మేతకు చోటు విడుచుట, జొన్నచొప్ప మిగిలినవాడు లేనివానికి ఇచ్చుట, ఇవియు అడవి మంటను ఆర్పు పనులే.

అట్లయిన నిప్పే పాపమా? కాదు. యోహాను సువార్తలో రెండు బొగ్గుల మంటలు కలవు. గ్రీకు భాషలో ఆ మంటకు వాడిన పేరు క్రొత్త నిబంధన యంతటిలో ఆ రెండు చోట్లనే వచ్చుచున్నది. 18వ అధ్యాయములో చలివేళ ప్రధానయాజకుని యింటి ముంగిట దాసులు వేసికొనిన మంట మొదటిది. ఆ మంటయొద్ద పేతురు చలి కాచుకొనుచు, తనకు సంబంధము లేదని పలికెను. 21వ అధ్యాయములో తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రియంతయు ఏమియు పట్టలేక అలసినవారికొరకు చేపయు రొట్టెయు సిద్ధముగా నున్న మంట రెండవది. ఆ మంటయొద్ద పేతురుకు గొఱ్ఱెలను మేపు పని అప్పగింపబడెను.

రెండు మంటలును ఒకటే బొగ్గు, ఒకటే వేడి. ఒకదానియొద్ద మనుష్యుడు వెచ్చదనము తీసికొని "నాకు సంబంధము లేదు" అనెను. రెండవదానియొద్ద భోజనము చేసి లేచినవానికి కాపరిపని వచ్చెను. ఒడ్డున చేప తినుట తప్పు కాదు. తిని, చలి కాచుకొని, "ఎరుగను" అని లేచిపోవుటయే తప్పు.

కనుక ఏమి చేయుదము? గొప్ప పనులు చెప్పుట మా ఉద్దేశము కాదు. అడవి దారిన పోవు మన సంఘస్థులు మాఘము మొదలు తొలకరివరకు అగ్గిపెట్టె ముట్టకుందురు గాక. విధిలేక పొయ్యి పెట్టినచో ఆ జాలరి అమ్మవలె నీళ్లు పోసి, కెలికి, చేయిపెట్టి చూచి గాని కదలకుందురు గాక. కొండమీద పొగ కనబడినప్పుడు "ఎవరో చెప్పియుందురు" అనుకొనక, బీటు ఆఫీసరుకు మనమే వర్తమానము పంపుదము. వేసవికి ముందు అడవిలో ఆకు తుడిచి, గడ్డి కోసి ఫైర్ లైన్లు తీయుచుందురు. ఆ పనికి మన యువజనులు అధికారుల అనుమతితో ఒక శనివారము ఇచ్చినచో, అది ఒక ఆరాధనకు తక్కువ కాదు. చేపలు కొనునప్పుడు అలివి వలలతో ఊడ్చి తెచ్చిన వ్రేలెడు పిల్లలను కొనకుందుము. సన్నకన్ను వల నీటిలోని నిప్పువంటిది. అదియు లేతవాటినే ముందు తినును.

శ్రీశైలము జలాశయము మొదట 308 టీఎంసీల నీరు పట్టెడిది; పూడిక చేరి 216 టీఎంసీలకు దిగినదని కొలిచినవారు చెప్పుచున్నారు. దానికి కారణములు అనేకము. పైనున్న పలు రాష్ట్రముల మన్ను అందులో కలదు. కాలి బోడియైన కొండలు వానకు వదలు మన్నును అందులో ఒక పాలు. ఆ పాలు ఎంతయని లెక్కించుట మా పని కాదు. ఎవరో అంటించిన నిప్పుకు ఎవరెవరి నీరు తగ్గుచున్నదో తెలిసికొనుట మాత్రము అందరి పని.

తుదకు ఆ పాత చట్టములోని ఒక చిన్న మాటను మీ ఆలోచనకు విడుచుచున్నాము. నిప్పు మొదట పట్టుకొనినది పనలను కాదు, పైరును కాదు, ముండ్లకంపను. కంప ఎక్కడ ఉండును? నా చేనికిని పొరుగువాని చేనికిని నడుమ ఉండును. అది నాదియు కాదని నేను దానిని కొట్టను; తనదియు కాదని అతడు కొట్టడు. ఇద్దరము విడిచిన ఆ చోటనే ఎండిన ముండ్లు పేరుకొనును. నిప్పుకు దారి అక్కడనే దొరకును. నేడు మన అడవియు, మన చెరువుగట్టులును, మన నదీతీరములును అట్టి నడిమి చోటులై యున్నవి. నిప్పు అంటించిన చేయి దొరకినను దొరకకపోయినను, కంప కొట్టు చేయి మనదే కావచ్చును. పొరుగువాడు వచ్చువరకు కాచుకొనక, ఈ వేసవికి ముందే మన వైపునుండి మొదలుపెట్టుదము గాక.